మానిపోతున్న గుమ్మం

నమోదు 61. జూన్ 4

ఇంటి స్థితి: బాగుంది.

చేసిన పని: గోడలకు నీళ్లు పట్టాను. ఫ్రిజ్‌నీ బీరువానీ గోడకు జానెడు ముందుకు జరిపాను. క్యాలెండర్ కోసం కొట్టిన మేకును గోడ మళ్లీ బయటికి నెట్టేసింది, తీసి డబ్బాలో వేశాను.

అదనపు వివరాలు: ఈ గడికి నాలుగు గీతలే ఇచ్చారు, నాకు చాలవు. మెరక కాలనీలో ప్రతి ఇంటివాళ్లూ ఇంటి పుస్తకం రాయాలని నిర్వహణ శాఖ వాళ్లే అన్నారు కాబట్టి వెనక పేజీల్లో రాస్తాను. చదువుకోండి.

సుభాషిణి నా ఆడపడుచు. ఈ ఇంట్లో ఉండేది మేమిద్దరమే. సముద్రం మా పాత ఊరిని మింగేసిన తుఫానులో దాని అన్నయ్య పోయాడు, దానికి రెండు కాళ్లూ పోయాయి. అప్పట్నుంచీ మోటారు కుర్చీలో తిరుగుతుంది. ఆ కుర్చీని అదే స్వయంగా బిగించుకుంది. బజారు సందులో బల్ల వేసుకుని మిక్సీలు, ఫ్యాన్లు, గ్రైండర్లు బాగుచేస్తుంది. కాలనీలో ఎవరింట్లో ఏది తిరగకపోయినా దాని బల్ల దగ్గరికే రావాలి.

ఈ సాయంత్రం ఇంట్లోకి వస్తుంటే కుర్చీ చక్రం గుమ్మానికి గీరుకుంది.

"గుమ్మం ఇరుకైంది వదినా" అంది.

"గుమ్మం ఎందుకు ఇరుకవుతుందే? నువ్వే వంకరగా తోలి ఉంటావు" అన్నాను.

అది ఒళ్లోంచి టేపు తీసి నా చేతికిచ్చింది. కొలిచాను. నా భుజం ఎత్తులో ముప్పై ఆరు అంగుళాలు, ప్లానులో ఉన్నట్టే ఉంది. మోకాలి ఎత్తులో ముప్పై ఒకటి. దాని కుర్చీ వెడల్పు ఇరవై ఎనిమిది.

నమోదు 62. జూన్ 11

ఇంటి స్థితి: గుమ్మం కింది భాగం ముప్పై అంగుళాలు.

చేసిన పని: ఫిర్యాదు చేశాను.

అదనపు వివరాలు: ఫిర్యాదు నంబరుకు ఫోన్ చేస్తే ఓ తియ్యటి గొంతు, "మీ గోడ ఆరోగ్యంగా పెరుగుతోంది, అభినందనలు" అంది. గోడ ఉన్నచోట పెరగడం వేరు, లేనిచోట పెరగడం వేరు అన్నాను. "మీ ఇంటిని ప్రేమగా చూసుకుంటున్నందుకు ధన్యవాదాలు" అంది. ఒళ్లు మండిపోయింది. నాలుగు నొక్కమంది, నొక్కాను. మళ్లీ అదే గొంతు.

శాఖవాళ్లు నాటి ఇచ్చిన ఈ పెరిగే గోడల ఇళ్లను నేను తిట్టడం లేదు. ఎవరికి రావలసిన మంచిపేరు వాళ్లకివ్వాలి. పగులు వస్తే వారంలో దానంతటదే పూడుకుంటుంది. సున్నం అక్కర్లేదు, సిమెంటు అక్కర్లేదు. మూడు తుఫాన్లు వచ్చి వెళ్లినా ఒక్క పెచ్చు ఊడలేదు. ఎండాకాలంలో గోడకు వీపు ఆనిస్తే చల్లగా ఉంటుంది. కాస్త ఆదమరిచి బీరువాను ఆనించి వదిలేస్తే దాని వెనకభాగాన్ని తనలో కలిపేసుకుంటుంది, అదొక్కటే చిక్కు. దానికీ అలవాటు పడ్డాం. నెలకోసారి సామాన్లన్నీ జరుపుకుంటున్నాం. శాఖవాళ్లు ఏ ఉత్తర్వు పంపినా ఈ వీధిలో మొదట పాటించేది నేనే. నాలాంటిదానికా అభినందనలు చెప్పి ఫోన్ పెట్టేసేది?

నమోదు 64. జూన్ 25

ఇంటి స్థితి: ఇరవై తొమ్మిదిన్నర.

చేసిన పని: సూపర్‌వైజరు వచ్చారు, టీ ఇచ్చాను.

అదనపు వివరాలు: ఆయన పేరు మార్కండేయులు. ముప్పై అయిదేళ్లుంటాయి. చేతిలో ఫైలు, నోట్లో ఎప్పుడూ "ఆయ్, అలాగేనండి". గుమ్మంలోంచి చేతులూపుకుంటూ దర్జాగా నడిచొచ్చి, "ఎక్కడండీ ఇరుకు?" అన్నారు. టేపు పెట్టి తన ఛాతీ ఎత్తులో కొలిచి ముప్పై ఆరు అని రాసుకోబోయారు.

"అయ్యా, మా సుభ కుర్చీ మీ ఛాతీ ఎత్తులో ఎగరదు. కిందికి వంగండి" అన్నాను.

గొంతుక్కూర్చుని కొలిచారు. మొహం మారింది.

"మానుతోందండి" అన్నారు.

"ఏం మానుతోంది?"

"గుమ్మమండి. గోడకి గుమ్మానికీ పగులుకీ తేడా తెలీదు కదండీ. ఖాళీ కనబడితే గాయమనుకుంటుంది, పూడ్చేస్తది. అందుకనే గుమ్మం పక్కన మేత అందకుండా నాటుతామండి. ఇక్కడ ఎందుకు పెరుగుతుందో మరి నాకూ అర్థం కావట్లేదు."

"అయితే ఆ పెరిగింది కోసెయ్యండి."

ఆయన రెండు చెవులూ మూసుకున్నంత పని చేశారు. "అమ్మో, ఆ మాట అనకండి! గోడకి గాయం చేస్తే ఇల్లు వెనక్కి తీసేసుకుంటారండి. మేమైనా సరే, పైనుంచి అనుమతి ఉండాలి. దరఖాస్తు పెట్టండి, తొంభై రోజుల్లో చూస్తారు."

"గుమ్మం తొంభై రోజులు ఆగుతుందా?"

"అది నాకెలా తెలుస్తదండీ" అని టీ గ్లాసు కిందపెట్టి వెళ్లిపోయారు.

దరఖాస్తు పెట్టాను. మూడు ప్రతులు. గుమ్మం పేరు రాయమని ఒక గడి ఉంది. గుమ్మానికి పేరేమిటి? గుమ్మం అనే రాశాను.

నమోదు 67. జూలై 16

ఇంటి స్థితి: ఇరవై ఏడున్నర. ఇరుకు పైకి కూడా పాకుతోంది, ఇప్పుడు నా నడుం దాకా వచ్చింది.

చేసిన పని: ఏమీ చేయనివ్వడం లేదు కదా, ఏం రాయను?

అదనపు వివరాలు: కుర్చీ పట్టడం మానేసి అయిదు రోజులైంది. సుభ కుర్చీ చక్రాల పైన ఉండే రేకు కప్పుల్ని రెండువైపులా విప్పేసింది. దాంతో కుర్చీ ఇరవై ఆరుకు తగ్గింది. మళ్లీ బయటికి వెళ్తోంది. కప్పులు లేవు కాబట్టి వానకు చక్రాల బురదంతా దాని చీర మీదే. సాయంత్రం వచ్చేసరికి ఆరు గ్రైండర్లు విప్పిన దానిలా కాదు, పొలం దున్నొచ్చిన దానిలా ఉంటోంది. అయినా నవ్వుతుంది. "గుమ్మం సన్నబడుతోంది, నేనూ సన్నబడుతున్నాను, ఎవరు ముందో చూద్దాం వదినా" అంటుంది. నాకు నవ్వు రాలేదు.

ఇవాళ శాఖ నుంచి కాగితం వచ్చింది. దరఖాస్తుకు జవాబేమో అని ఆత్రంగా విప్పాను. అందులో ఇలా ఉంది: "సదరు ఇల్లు ఆరోగ్యంగా ఉన్నది. సదరు నివాసి ఇంటికి అనుకూలించుట లేదు. కావున సదరు నివాసిని ఆసరా భవనమునకు తరలించుటకు ప్రతిపాదించడమైనది."

రెండుసార్లు చదివాను, మూడోసారి పైకి చదివాను. ఇల్లు బాగానే ఉందట, మనిషే సరిగ్గా లేదట! ఇన్నేళ్లూ మనిషికి సరిపోయేలా ఇల్లు కట్టుకోవడమే చూశాం. ఇంటికి సరిపోని మనిషిని తీసి అవతల పారేయడం ఏ రాజ్యంలో ఉంది?

ఆసరా భవనం నేను చూశాను. మంచాలు శుభ్రంగా ఉంటాయి, కాదనను. కానీ అక్కడ స్క్రూడ్రైవర్ కూడా ఉంచుకోనివ్వరు. పదునైన వస్తువట. సుభ చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసేసి టీవీ రిమోట్ పెడతారు. అది ఆ రిమోట్‌ను వారంలో విప్పి పారేస్తుంది. నెలలో నోరు మూసుకుంటుంది. ఆ తర్వాత ఏమవుతుందో రాయడానికి నాకు చేతులు రావడం లేదు.

సుభ కాగితం చదివి మడిచి, "సదరు నివాసికి ఆకలేస్తోంది వదినా" అంది.

నమోదు 69. జూలై 30

ఇంటి స్థితి: ఇరవై ఆరుంపావు.

చేసిన పని: పక్కింటి గుమ్మం కొలిచాను.

అదనపు వివరాలు: ఈ వారం సంగతి రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. అందరి తప్పులూ రాస్తున్నప్పుడు నాది మాత్రం దాచుకోవడం న్యాయం కాదు.

పక్కింటి నూకరత్నం గుమ్మం మీద నాకు అనుమానం వచ్చింది. మాతోపాటే, అదే వరసలో, అదే రోజు ఇచ్చిన ఇల్లు. టేపు తీసుకెళ్లి కొలిస్తే కింద నుంచి పైదాకా ముప్పై ఆరు. వెంట్రుకవాసి తేడా లేదు. గడపకీ, గుమ్మం రెండు పక్కలకీ చెయ్యి అందినంత ఎత్తు దాకా పచ్చగా పసుపు!

ఫిబ్రవరిలో ఉత్తర్వు వచ్చింది. పసుపు, కుంకుమ, సున్నం గోడ చర్మానికి హాని, ఎవరూ గడపలకు పూయరాదు అని. శుక్రవారం గడపకు పసుపు రాయకుండా ఉండటం నాకెంత కష్టమైందో దేవుడికే తెలుసు. అయినా ఆ రోజు నుంచే మానేశాను.

"ఏమమ్మా రత్నం, ఉత్తర్వు చూళ్లేదా?" అన్నాను కోపంగా.

"చూశానండి."

"మరి?"

"ఏంటండి విశాలాక్షి గారూ, మీరు మరీనండీ! బోడి గడప చూసుకుంటా ఎలాగండీ తిరగడం? ఇన్‌స్పెక్షన్ అన్న రోజు తుడిచేస్తాను, మర్నాడు మళ్లీ రాసేత్తాను. మీరు మానేశారా ఏంటి కొంపదీసి?"

టేపు చుట్టేసుకున్నాను. ఈ వీధిలో ఉత్తర్వును నమ్మి పసుపు మానేసిన మనిషిని నేనొక్కదాన్నే అని అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి సుభకు చెప్పాను. అది చెడిపోయిన మోటారును ఎలా చూస్తుందో నన్ను అలా చూసింది. కుర్చీ గీరుకుని గుమ్మం మూలనుంచి రాలిన గోడ పెచ్చులు మూడు ఏరి మూడు గ్లాసుల్లో వేసింది. ఒకదాంట్లో ఉత్త నీళ్లు పోసింది. ఒకదాంట్లో పసుపు కలిపింది. మూడోదాంట్లో ఏం వేద్దామా అని చుట్టూ చూసి, నా ముగ్గు డబ్బాలోంచి పిడికెడు పిండి తీసి వేసింది.

నాలుగు రోజులు. ఉత్త నీళ్లలోది ఉన్నట్టే ఉంది. పసుపు నీళ్లలోది నల్లబడి కదలకుండా పడి ఉంది. మూడో గ్లాసులోది గ్లాసు నిండా ఉబ్బి, అంచు దాటి కిందికి దిగడం మొదలుపెట్టింది.

నేను ముగ్గు సుద్దపొడితో పెట్టను. పెట్టనని గొప్పగా చెప్పుకుంటాను కూడా. బియ్యప్పిండితోనే పెడతాను, చీమలకింత తిండి అని. నీళ్లు వృథా పోకూడదని, బియ్యం కడిగిన నీళ్లతోనే రోజూ వాకిట్లో కళ్లాపి చల్లుతాను. అంటే ఆరు నెలలుగా రెండు పూటలా ఆ గోడకు నేనే గోరుముద్దలు తినిపిస్తున్నాను. అంతకుముందు పసుపు దాని నోరు కట్టేసి ఉంచింది. ఆ పసుపు మానిపించారు, నేను మానేశాను. తిండి మాత్రం ఆపలేదు.

"నేనే కదే చేశాను" అన్నాను. ఏడుపొచ్చింది.

"నువ్వొక్కదానివే ఎందుకొదినా? వాళ్లు పసుపు వద్దన్నారు, పిండి సంగతి అడిగారా? మన వాకిట్లో ఏం పోస్తామో ఒక్కడికైనా తెలుసా? తెలీనోళ్లు ఉత్తర్వులెందుకు రాయాలి?" అంది సుభ.

అది ఓదార్పుకు అన్న మాట కాదు, నిజం. ఏడుపు ఆగి మళ్లీ కోపం వచ్చింది. నాకు కోపంలోనే సుఖంగా ఉంటుంది.

నమోదు 71. ఆగస్టు 13

ఇంటి స్థితి: కింద నుంచి పైదాకా ఇరవై అయిదున్నర. పెరగడం ఆగింది.

చేసిన పని: గడపకీ రెండు పక్కలకీ పసుపు రాశాను. ముగ్గు సుద్దపొడితో పెట్టాను. ఉత్తర్వు మీరినట్టు ఒప్పుకుంటున్నాను, సంతకం కింద ఉంది.

అదనపు వివరాలు: పసుపు గోడకు పట్టడానికి వారం పైనే పట్టింది, పట్టాక పెరుగుదలను ఆపింది. పెరిగినదాన్ని వెనక్కి పంపలేదు. కుర్చీకి అర అంగుళం చాలదు. సరిగ్గా అర అంగుళం! ఒక్క వారం ముందు తెలిసి ఉంటే చాలు.

మార్కండేయులుకు గ్లాసులు మూడూ చూపించాను. ఆయన మూడోదాన్ని చూసి, "ఆయ్, ఇది నిజమేనండి" అన్నారు. పాపం, మనసులో మంచివాడే. "నేను రాసి పైకి పంపుతానండి" అన్నారు. పైకి పంపినవన్నీ ఎక్కడికి పోతాయో మరి, కిందికి మాత్రం ఒక్కటీ రాదు.

సుభ గడప దాటి పన్నెండు రోజులైంది. జనం మిక్సీలు పట్టుకొచ్చి కిటికీలోంచి అందిస్తున్నారు. గ్రైండర్లు కిటికీలో పట్టవు, అవి వీధిలోనే ఆగిపోతున్నాయి. మొదటి నాలుగు రోజులు జోకులేసింది. తర్వాత రేడియో పెట్టుకుంది. మొన్నట్నుంచీ రేడియో కూడా లేదు. నిన్న పొద్దున్న తల దువ్వుకోలేదు. "ఎక్కడికెళ్లాలని వదినా?" అంది.

ఆ మాట విన్నాక నా వల్ల కాలేదు. కత్తిపీట తీసుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాను. గోడ మీద ఒక్క గాటు పెట్టాను. తెల్లటి జిగురు ఊరింది. సుభ కుర్చీ తోసుకుంటూ వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇల్లు లాగేసుకుంటారు వదినా. నేనంటే ఆసరా భవనానికి పోతాను. నీకు కాళ్లున్నాయి కదా, నిన్ను అక్కడ కూడా చేర్చుకోరు. నువ్వెక్కడికి పోతావు?"

నేను కత్తిపీట కింద పెట్టేశాను. సిగ్గులేకుండా పెట్టేశాను. ఇల్లు పోతుందన్న భయం నాకుంది. ఒకసారి సముద్రంలో పోగొట్టుకున్నదాన్ని, రెండోసారి పోగొట్టుకునే ధైర్యం లేదు. గాటు పెట్టిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఇంకా మానలేదు, వచ్చి చూసుకోండి.

నమోదు 72. ఆగస్టు 20

ఇంటి స్థితి: చివర్లో చెప్తాను.

చేసిన పని: నేను చేసింది ఏమీ లేదు.

అదనపు వివరాలు: పొద్దున్న తొమ్మిదింటికి ఆసరా భవనం బండి వచ్చింది. మార్కండేయులు, ఇద్దరు పనివాళ్లు దిగారు. తరలింపు ఉత్తర్వు ప్రతి ఒకటి కిటికీలోంచి సుభకు అందించారు. దరఖాస్తుకు ఇంకా ముప్పై నాలుగు రోజుల గడువుంది, బండికి మాత్రం గడువు అక్కర్లేదు. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. అడ్డంగా నిలబడటానికి ఇప్పుడు పెద్ద కష్టపడక్కర్లేదు, నేను నిలబడితే గుమ్మం నిండిపోతోంది.

"అమ్మా, నన్ను ఇబ్బంది పెట్టకండి" అన్నారు మార్కండేయులు, నా మొహం వైపు చూడకుండా.

నేను నోటికొచ్చినన్ని తిట్టాను. వీధి వీధంతా బయటికొచ్చింది. నూకరత్నం మా వాకిట్లో కొంగు బిగించి నిలబడింది. లోపలి నుంచి సుభ పిలిచింది.

"వదినా, జరుగు. రానియ్యి వాళ్లని."

జరిగాను. దువ్వుకుని, జడ వేసుకుని, పనికి కట్టుకునే చీర కట్టుకుని ఉంది అది. ఒళ్లో స్క్రూడ్రైవర్ల సంచి ఉంది. వెళ్లిపోవడానికే సిద్ధపడిందనుకున్నాను.

"ఎత్తుకుంటామమ్మా" అన్నాడు ఒక పనివాడు.

"నన్నెత్తుకుని, కుర్చీ?"

"అదిక్కడే ఉంటది."

"ఉత్తర్వు చదవండి మార్కండేయులు గారూ, రెండో పేజీ" అంది సుభ.

ఆయన చదివారు. "నివాసిని, వారు వాడు పరికరములతో సహా, ఒకేసారి తరలించవలెను."

సుభను మంచం మీదికి దింపి కుర్చీని పట్టుకుని తిప్పారు. నిలువుగా, అడ్డంగా, పక్కకు పడుకోబెట్టి. మడిచే కుర్చీ కాదది, కింద మోటారు, బ్యాటరీ, సామాన్ల పెట్టె అన్నీ కలిపి బిగించేసి ఉంటాయి. ఎటు తిప్పినా అర అంగుళం దగ్గర ఆగుతోంది. విప్పమన్నారు. "నేను విప్పను. మీరు విప్పి ఒక్క బోల్టు పోగొడితే ఆ సంగతి కూడా వదిన పుస్తకంలో రాస్తుంది" అంది.

మార్కండేయులు వాకిట్లోకి వెళ్లి ఫోన్ చేశారు. పైవాళ్లకు పైవాళ్లు, వాళ్లకు పైవాళ్లు. బండి ఖాళీగా తిరిగి రాకూడదని వాళ్ల పట్టుదల. గంటంబావు గడిచింది. చివరికి ఆయన మొహం తుడుచుకుంటూ వచ్చి, "శాఖ పని నిమిత్తం శాఖ గోడను తెరవొచ్చట. అనుమతి వచ్చిందండి" అన్నారు.

కోత మిషను తెచ్చారు. గుర్రున తిప్పి, కింద నుంచి పైదాకా రెండు వైపులా కోసేశారు. తెల్లటి జిగురు వాకిలంతా కారింది, నానిన బియ్యం వాసన వచ్చింది. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. జూన్ నుంచి నేను ప్రాధేయపడిన పని, మూడు ప్రతుల్లో రాసిచ్చిన పని, కాకపోబట్టి ఒక మనిషి తల దువ్వుకోవడమే మానేసిన పని, పది నిమిషాలు! మమ్మల్ని విడదీయడానికి అయితే పది నిమిషాలు, కలిపి ఉంచడానికి అయితే తొంభై రోజులా? ఈ మాట అక్కడే, అందరి ముందూ, గొంతు చించుకుని అన్నాను. మార్కండేయులు తల దించుకున్నారు.

సుభ గుమ్మంలోంచి తిన్నగా బయటికొచ్చింది. కుర్చీ ఎక్కడానికి బండికి వేసిన చెక్క దాకా వెళ్లింది. దాని పక్కనుంచి ముందుకు పోయింది.

"అమ్మా, బండి ఇటండీ!" అని పనివాడు కేకేశాడు.

సుభ ఆగి వెనక్కి తిరిగింది. "తరలింపుకు కారణం ఏం రాశారో చదవండి" అంది.

మార్కండేయులు కాగితం తిప్పారు. "గుమ్మం వెడల్పు కుర్చీకి చాలనందున."

"ఇప్పుడెంతుందో కొలవండి."

ఆయన టేపు తీశారు. ఈసారి ఎవరూ చెప్పకుండానే గొంతుక్కూర్చుని కింద కొలిచారు. ముప్పై ఏడు. మళ్లీ ఫోన్ తీయబోయి, తీయకుండా జేబులోనే ఉంచేశారు.

"ఆయ్, కారణం లేదండి" అన్నారు. లేచి ఉత్తర్వు మీద అడ్డంగా గీత కొట్టి సంతకం పెట్టారు. అప్పటికి సుభ సందు మలుపు తిరిగిపోయింది.

ఇంటి స్థితి: గుమ్మం ముప్పై ఏడు అంగుళాలు. కోసినవారు: నిర్వహణ శాఖ. కోసిన చోట రెండు పక్కలా పసుపు రాశాను, రాస్తూనే ఉంటాను.

వాకిట్లో జిగురు మూడుసార్లు కడిగాను. అన్నం వండాను, పప్పు చేశాను, దానికిష్టమని వంకాయ కూడా వేయించాను. బజారు నుంచి ఇద్దరొచ్చి బల్ల దగ్గర జనం ఒకటే గుంపుగా ఉన్నారని చెప్పి వెళ్లారు. ఆరు దాటింది. ఇంకా రాలేదు. ఇన్నాళ్లకు బయటికెళ్లింది సరే, ఇంట్లో ఒక మనిషి ఎదురుచూస్తూ ఉంటుందన్న ధ్యాస ఉండొద్దా? రానీ, చెప్తాను దాని సంగతి.